దస్తావేజుల స్కాన్‌లు డేటాబేస్‌లో పెడితే బ్రౌజర్‌లో సరిగా తెరుచుకోవట్లేదు (పీహెచ్‌పీ, మరియాడీబీ)

పర్లాకిమిడి_డెస్క్:
అందరికీ నమస్కారమండి. పర్లాకిమిడిలో ఒక దస్తావేజు లేఖరి గారి ఆఫీసుకి చిన్న ప్రోగ్రాం రాశాను. జాంప్ (అపాచీ, పీహెచ్‌పీ, మరియాడీబీ కలిపి వచ్చే ప్యాకేజీ) వేసిన పీసీయే సర్వరు, మిగతా పీసీలు లాన్‌లో (ఆఫీసు లోపలి నెట్‌వర్క్‌లో) బ్రౌజర్ నుంచి చూస్తాయి. ఇటు గజపతి జిల్లా పార్టీలు, అటు పాతపట్నం వైపు పార్టీలు, కాబట్టి కాగితాలు తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడూ ఉంటాయి. స్కాన్‌లు పీడీఎఫ్‌గా, ముసాయిదాలు వర్డ్ ఫైళ్లుగా ఒకే టేబుల్లో, బ్లాబ్ కాలమ్‌లో (ఫైలు బైట్లని ఉన్నవి ఉన్నట్టు దాచే రకం) పెడుతున్నాను.

ఇబ్బందులు ఇవీ: చాలా పీడీఎఫ్‌లు మొదటి పేజీ చూపించి, తర్వాతవి తెల్లగా వస్తున్నాయి. మూడు నాలుగు ఎంబీల స్కాన్ అసలు ఎక్కదు, "మైఎస్‌క్యూఎల్ సర్వర్ హ్యాజ్ గాన్ అవే" అంటుంది. ముసాయిదా చిన్నదే అయినా, డౌన్‌లోడ్ చేసి తెరిస్తే ఫైలు పాడైందంటుంది వర్డ్. ఫైలు పేరు తెలుగులోనో ఒడియాలోనో ఉంటే దిగేసరికి అడ్డగీతలైపోతోంది. బేస్64 చేసి (బైట్లని మామూలు అక్షరాలుగా మార్చి) లాంగ్‌టెక్స్ట్ కాలమ్‌లో పెట్టమని ఒకరన్నారు. అదే దారా, లేక ఫైళ్లన్నీ ఫోల్డర్‌కి మార్చేయాలా?

బరంపురం_బ్యాకెండ్:
బేస్64 జోలికి పోకండి. ప్రతి మూడు బైట్లూ నాలుగవుతాయి, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. మీవి వేర్వేరు జబ్బులు, ఒక్కొక్కటీ చూద్దాం.

తెల్ల పేజీల సంగతి ముందు. పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో ఐడీ పక్కన ఆక్టెట్_లెంగ్త్(ఫైలు), అంటే బైట్లలో సైజు, కూడా సెలెక్ట్ చేయండి. 65535 అనే అంకె వరసగా కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఉత్త బ్లాబ్ పట్టేది అంతే. స్ట్రిక్ట్ మోడ్ ఆపి ఉంటే డేటాబేస్ మిగతాది కోసేసి, ఒక వార్నింగ్‌తో సరిపెడుతుంది. ఆ వార్నింగ్‌ని మీ కోడ్ చదవదు. పీడీఎఫ్‌లో ఏ పేజీ ఎక్కడుందో చెప్పే పట్టిక మామూలుగా ఫైలు చివర ఉంటుంది. తోక తెగితే బ్రౌజరు దొరికిన ముక్కలే పేర్చుకుని మొదటి పేజీ వరకూ నెట్టుకొస్తుంది. కాలమ్‌ని మీడియంబ్లాబ్ చేయండి, 1,67,77,215 బైట్లు పడతాయి, దస్తావేజులకి అది చాలు. ఎస్‌క్యూఎల్_మోడ్‌లో స్ట్రిక్ట్_ట్రాన్స్_టేబుల్స్ చేర్చండి, ఇకమీదట పట్టనిది కోసేయకుండా ఎర్రర్ ఇస్తుంది. తెగినవి మాత్రం కాలమ్ మార్చినా తిరిగి రావు. 65535 ఉన్న ఐడీల జాబితా తీసి, ఆ కాగితాలు మళ్లీ స్కాన్ చేయాల్సిందే.

పెద్ద ఫైలు ఎక్కకపోవడానికి కారణం మ్యాక్స్_అలవ్డ్_ప్యాకెట్, అంటే డేటాబేస్ ఒక్కసారికి తీసుకునే గరిష్ఠ సైజు. జాంప్‌తో వచ్చే మై.ఐఎన్ఐలో (డేటాబేస్ సెట్టింగుల ఫైలు) అది చాలా తక్కువగా పెట్టి ఉంటుంది. మైఎస్‌క్యూఎల్‌డీ విభాగంలోనే 32ఎం చేసి సర్వీసు రీస్టార్ట్ చేయండి. కింద మైఎస్‌క్యూఎల్‌డంప్ (బ్యాకప్ తీసే ప్రోగ్రాం) విభాగంలో అదే పేరుతో ఇంకొకటి ఉంటుంది, చాలామంది దాన్ని మార్చి పని కాలేదంటారు. పీహెచ్‌పీలో అప్‌లోడ్_మ్యాక్స్_ఫైల్‌సైజ్ డిఫాల్ట్ 2ఎం, పోస్ట్_మ్యాక్స్_సైజ్ 8ఎం. జాంప్‌లో వేరే అంకెలుండొచ్చు, పీహెచ్‌పీఇన్ఫోలో చూసుకోండి. రెండోది దాటితే పీహెచ్‌పీ పోస్ట్, ఫైల్స్ అర్రేలు రెండూ ఖాళీగా ఇస్తుంది, మీ ఫామ్ ఏమీ నింపలేదన్నట్టు ప్రవర్తిస్తుంది. ఫైలు పరిమితి 12, పోస్ట్ 16, ప్యాకెట్ 32 పెట్టుకోండి. ప్యాకెట్‌కి అంత తేడా ఎందుకంటే, క్వెరీలో ఎస్కేప్ అయినప్పుడు బైనరీ ఉబ్బుతుంది.

ఇక వర్డ్ ఫైలు. డాక్స్ అంటే లోపల జిప్పే. పాడైందన్న ఫైలుని హెక్స్ ఎడిటర్‌లో (బైట్లు చూపించే ప్రోగ్రాం) తెరవండి. మొదటి నాలుగు బైట్లు 50 4బీ 03 04 ఉండాలి. వాటికి ముందు 0డీ 0ఏ (కొత్త లైను గుర్తు) ఉంటే మీ పీహెచ్‌పీ ఫైళ్లలో దేనికో చివర, ముగింపు ట్యాగ్ తర్వాత ఖాళీ లైను ఉంది. ఈఎఫ్ బీబీ బీఎఫ్ ఉంటే ఎవరో నోట్‌ప్యాడ్‌లో బీఓఎంతో (ఫైలు మొదట్లో ఎన్‌కోడింగ్ తెలిపే గుర్తు) సేవ్ చేశారు. ఎక్కువగా కనెక్షన్ వివరాలుండే ఫైలే దొరుకుతుంది. "హెడర్స్ ఆల్‌రెడీ సెంట్" అని రాలేదే అనకండి, అవుట్‌పుట్ బఫరింగ్ (పేజీని పోగుచేసి తర్వాత పంపడం) ఆన్‌లో ఉంటే ఆ హెచ్చరిక రాదు. పైగా కంటెంట్-లెంగ్త్‌లో మీరు ఫైలు సైజు పంపుతున్నారు కదా, ముందు రెండు బైట్లు దూరితే చివర రెండు తెగుతాయి. జిప్‌కి విషయసూచిక కూడా తోకలోనే ఉంటుంది. పీడీఎఫ్ రీడర్లు మొదట్లో కాస్త చెత్తున్నా సర్దుకుపోతాయి కాబట్టి అక్కడ ఇది బయటపడలేదు. ముగింపు ట్యాగులు తీసేయండి, ఫైలు ఎకో చేసిన వెంటనే ఎగ్జిట్ పెట్టండి. లేకపోతే పేజీ ఫుటర్ హెచ్‌టీఎంఎల్ కూడా వెనకాలే పోతుంది.

గుణుపురం_గూడ్స్‌బండి:
పేర్ల సంగతి నేను చెప్తాను. కంటెంట్-డిస్పొజిషన్ హెడర్‌లో (ఫైలు ఏ పేరుతో, ఎలా తెరవాలో బ్రౌజర్‌కి చెప్పేది) ఫైల్‌నేమ్ రెండుసార్లు ఇవ్వాలి. మొదట మామూలు ఫైల్‌నేమ్, ఇంగ్లీషు అక్షరాలు, అంకెలతో, "dastaveju-41" లాంటిది. తర్వాత నక్షత్రం గుర్తుతో ఫైల్‌నేమ్, దాని విలువ యూటీఎఫ్-8, రెండు సింగిల్ కోట్లు, ఆపైన పర్సెంట్ ఎన్‌కోడ్ చేసిన అసలు పేరు. ఈ హెడర్‌కి ఇంటర్నెట్ ప్రమాణమైన ఆర్ఎఫ్‌సీ 6266 చెప్పే పద్ధతి ఇదే. ఎన్‌కోడ్ చేయడానికి రాయూఆర్ఎల్ఎన్‌కోడ్ వాడండి. ఉత్త యూఆర్ఎల్ఎన్‌కోడ్ అయితే ఖాళీ ఉన్నచోట ప్లస్ గుర్తు వస్తుంది, "క్రయపత్రం+కాశీనగర్" అని సేవ్ అవుతుంది.

సరిగ్గా వెళ్తోందా లేదా బ్రౌజర్ నెట్‌వర్క్ ట్యాబ్‌లో చూడండి. తెలుగు "క" అయితే ఈ0 బీ0 95, ఒడియా "క" అయితే ఈ0 ఏసీ 95. నడిమి బైటే తేడా. అక్కడ ప్రశ్నార్థకాలు కనిపిస్తే తప్పు హెడర్‌లో లేదు, ముందే డేటాబేస్‌లో పేరు పోయింది. కాలమ్‌తో పాటు కనెక్షన్ క్యారెక్టర్ సెట్ కూడా యూటీఎఫ్8ఎంబీ4 (అన్ని లిపులూ పట్టే ఎన్‌కోడింగ్) ఉండాలి.

అటాచ్‌మెంట్ అంటే దిగుతుంది, ఇన్‌లైన్ అంటే ట్యాబ్‌లో తెరుచుకుంటుంది. పీడీఎఫ్‌కి, బొమ్మలకి తప్ప ఇన్‌లైన్ ఇవ్వొద్దు. ఎక్స్-కంటెంట్-టైప్-ఆప్షన్స్: నోస్నిఫ్ కూడా కలపండి, ఫైలు రకాన్ని బ్రౌజరు సొంతంగా ఊహించదు. ఇంకోటి, లింకులో ఐడీ 41ని 42 చేస్తే పక్క పార్టీ దస్తావేజు తెరుచుకుంటోందా? ఫైలు ఇచ్చే స్క్రిప్టులో లాగిన్, అనుమతి రెండూ చూడాలి. జాబితా పేజీలో చూస్తే చాలదు.

సిరొంచ_స్టోరేజ్:
ఇంత బాధెందుకండీ, ఫైళ్లు డిస్క్ మీద పెట్టి దారి మాత్రం టేబుల్లో ఉంచండి. 2006లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ వాళ్లు ఎస్‌క్యూఎల్ సర్వర్‌ని ఎన్‌టీఎఫ్ఎస్‌తో (విండోస్ ఫైల్ సిస్టమ్) పోల్చి చూశారు. 256 కేబీ లోపు డేటాబేస్ మేలు, 1 ఎంబీ దాటితే ఫైల్ సిస్టమ్ మేలు అని తేల్చారు. స్కాన్‌లన్నీ ఆ పైవే కదా. పైగా ఫైలు డిస్క్ మీదుంటే అపాచీ రేంజ్ రిక్వెస్టులు తనే చూసుకుంటుంది, పెద్ద పీడీఎఫ్‌లో కావలసిన ముక్కే లాగొచ్చు.

బరంపురం_బ్యాకెండ్:
వేగం మాటకొస్తే మీరన్నది నిజమే. కానీ ఇది లాన్‌లో నాలుగు పీసీల ఆఫీసు. ఇక్కడ భయం వేగం గురించి కాదు, ఎవరో డెస్క్‌టాప్ సర్దుతూ ఫోల్డర్ పేరు మార్చడం గురించి. ఫైలు, దాని వివరాలు ఒకే ట్రాన్సాక్షన్‌లో చేరడం, ఒకే బ్యాకప్‌లో రావడం నాకు ఎక్కువ విలువ. పదుల జీబీలకి చేరితే అప్పుడు డిస్క్‌కి మారుద్దాం, అదీ హెచ్‌టీడాక్స్‌కి (అపాచీ బ్రౌజర్లకి చూపించే ఫోల్డర్) బయట.

డేటాబేస్‌లోనే ఉంచితే బ్లాబ్‌ని విడి టేబుల్‌కి తీసేయండి: ఒకదాంట్లో పేరు, రకం, సైజు, షా256 (ఫైలు వేలిముద్ర లాంటి అంకె), రెండోదాంట్లో ఐడీ, ఫైలు. జాబితా పేజీలో సెలెక్ట్ స్టార్ రాస్తే ఇరవై పేర్ల కోసం ఇరవై ఫైళ్లూ మెమరీలోకి వస్తాయి. ఆ షా256నే ఈట్యాగ్ హెడర్‌గా పంపి, బ్రౌజర్ అదే తిరిగి చూపిస్తే 304 ("ఫైలు మారలేదు") ఇవ్వండి, బ్లాబ్ ముట్టుకోనక్కర్లేదు. ఫైలు పంపే ముందు సెషన్_రైట్_క్లోజ్ పిలవండి, సెషన్ తాళం వదులుతుంది. లేకపోతే పెద్ద ఫైలు దిగుతున్నంతసేపూ అదే మనిషి ఇంకో ట్యాబ్ తెరిస్తే తిరుగుతూనే ఉంటుంది.

బ్యాకప్‌కి మైఎస్‌క్యూఎల్‌డంప్‌లో సింగిల్-ట్రాన్సాక్షన్, హెక్స్-బ్లాబ్ రెండూ పెట్టండి. హెక్స్‌లో సైజు రెట్టింపవుతుంది, డిస్క్ చూసుకోండి. వేరే పీసీలో రీస్టోర్ చేసి, ఫైలు మీద షా2 ఫంక్షన్‌తో షా256 లెక్కగట్టి టేబుల్లో ఉన్నదాంతో పోల్చండి.

పర్లాకిమిడి_డెస్క్:
65535 అంకె నిలువునా కనిపించిందండి! వర్డ్ ఫైలు ముందు 0డీ 0ఏ కూడా దొరికింది. ఇంకొక్కటి: ముసాయిదా దించకుండా బ్రౌజర్‌లోనే చూపించడం కుదురుతుందా? లిబ్రేఆఫీస్‌తో సర్వర్‌లో పీడీఎఫ్ చేయిస్తే తెలుగంతా పిచ్చి ఇంగ్లీషు అక్షరాలుగా వస్తోంది.

గుణుపురం_గూడ్స్‌బండి:
ఆ ముసాయిదాలు అను ఫాంట్లలోనో, ఒడియావి ఆకృతిలోనో కొట్టి ఉంటారు. అవి యూనికోడ్ కావు, లోపలున్నవి ఇంగ్లీషు అక్షరాల కోడ్‌లే, ఫాంటే వాటికి తెలుగు బొమ్మ తొడుగుతుంది. సర్వర్ పీసీలో ఆ ఫాంటు లేదు కాబట్టి అసలు కోడ్ బయటపడింది. టైపు చేసిన పీసీలోనే వర్డ్ నుంచి పీడీఎఫ్‌గా సేవ్ చేయించి, పీడీఎఫ్ రీడర్‌లో ఫైల్ ప్రాపర్టీస్ తెరిచి ఫాంట్స్ దగ్గర "ఎంబెడెడ్" అని ఉందో లేదో చూసి, వర్డ్ ఫైలుకి జోడీగా ఎక్కించండి. చూడ్డానికి పీడీఎఫ్, దిద్దడానికి డాక్స్. కొత్త ముసాయిదాలు మాత్రం యూనికోడ్‌లో కొట్టమనండి, లేకపోతే రేపు పార్టీ పేరుతో వెతకడానికి కూడా కుదరదు.