గూగుల్ స్కాలర్‌లో 11, స్కోపస్‌లో 6: ప్రమోషన్ ఫారంలో ఏది రాయాలి?

ఓపీ_టోకెన్:
కమ్యూనిటీ మెడిసిన్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. ప్రమోషన్ ఫారంలో హెచ్-ఇండెక్స్ (మన పేపర్లని వేరే పేపర్లు ఎంతగా ఉదహరించాయో చెప్పే అంకె) అని ఒక గడి ఉంది. ఆ లెక్క చూపే సైట్లలో గూగుల్ స్కాలర్ 11 అంటోంది, స్కోపస్ 6 అంటోంది. పెద్దది రాస్తే అబద్ధమవుతుందా, చిన్నది రాస్తే నష్టపోతానా? శుక్రవారం లోపు ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది. ఈ తంతు దాటినవాళ్ళు చెప్పండి.

లైబ్రరీ_మూల:
మేడమ్, స్కాలర్ థీసిస్‌లు, ప్రీప్రింట్‌లు (జర్నల్ సమీక్షకి ముందే బయటపెట్టినవి), కాన్ఫరెన్స్ సంచికలు అన్నీ లెక్కేస్తుంది. స్కోపస్ తాను ఎంచుకున్నవాటినే చూస్తుంది. కాబట్టి స్కాలర్ అంకె మామూలుగానే కాస్త లావుగా ఉంటుంది. కానీ 6 ఎక్కడ, 11 ఎక్కడ? ఆ పేజీలో ఉన్న పేపర్లన్నీ మీవేనా, ఒక్కొక్కటీ చూసుకోండి.

ఓపీ_టోకెన్:
చూశాను, తల తిరిగింది. అన్నిటికంటే పైన 212 సైటేషన్లతో (అన్నిసార్లు వేరే పేపర్లు ఉదహరించాయన్నమాట) ఉన్నది వరి అగ్గితెగులు మీద పేపరు! కంచంలో అన్నంగా తప్ప వరితో నాకు పరిచయమే లేదు. అలాంటివే ఇంకో తొమ్మిది.

లైబ్రరీ_మూల:
మన పేర్లతో ఇదే గొడవ. ఇంటిపేరు ముందు రాస్తాం, అదీ ఒక్క ఇనిషియల్‌గా. పబ్‌మెడ్ లాంటి పేపర్ల సూచికలు చివరి మాటనే ఇంటిపేరు అనుకుంటాయి. దాంతో లక్ష్మి, రావు, రెడ్డి కింద ఎంతోమంది ఒక్కరైపోతారు. పరిశోధకులకిచ్చే 16 అంకెల ఆర్కిడ్ గుర్తింపు నంబరు తీసుకోండి, ఉచితమే. ఇకమీదట ప్రతి పేపరుకీ అది జత చేయండి. స్కాలర్ సెట్టింగ్స్‌లో పేపర్లు వాటంతటవే చేరకుండా, ముందు మీకు మెయిల్ వచ్చేలా మార్చుకోండి.

రెండిళ్ళ_పేరు:
నాది దీనికి తిరగేసిన కథ. పుట్టింటి పేరుతో నాలుగు పేపర్లు, అత్తింటి పేరుతో ఏడు. స్కోపస్ లెక్కలో నేను ఇద్దరిని. కలపమని వాళ్ళ సైట్‌లోనే పెట్టుకున్నాను, పైసా తీసుకోలేదు. 3 ఉన్నది 5 అయింది, కొత్తగా ఒక్క ముక్క రాయకుండానే!

గోదారి_గట్టు:
ఆ గడిని అంతగా నెత్తికెత్తుకోకండి. హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త 2005లో ప్రతిపాదించిన లెక్క అది. సైటేషన్ల వరసలో పేపర్లు పేర్చినప్పుడు ఆరోదానికి కనీసం ఆరు ఉండి, ఏడోదానికి ఏడు లేకపోతే మీది 6. మొదటి పేపరుకి 41 ఉన్నా 4,100 ఉన్నా అదే 6. రచయితల వరసలో మీ పేరు ఎన్నోదన్నది దానికి పట్టదు. ప్రపంచమంతటా రోగాల భారం లెక్కగట్టే గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ పేపర్లు లాన్సెట్ అనే వైద్య జర్నల్‌లో వందలమంది పేర్లతో వస్తాయి, సైటేషన్లు వేలల్లో ఉంటాయి. ఆ వరసలో ఉన్న ప్రతివారి ఖాతాలోనూ అవన్నీ పూర్తిగా జమ. అదీ నిజమైన పనే, కాదనను. కానీ ఇల్లిల్లూ తిరిగి రక్తహీనత సర్వే చేసి ముగ్గురు కలిసి రాసిన పేపరుని దాని పక్కన పెట్టి తూస్తే ఎలా?

మన భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారినే చూడండి. 1925లో తోటి పరిశోధకుడు ఫిస్కేతో కలిసి రాసిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి పేపరు దశాబ్దాల తరబడి సైట్ అవుతూనే వచ్చింది. ఆ పద్ధతి వాడినవాళ్ళంతా దాని పేరు చెప్పుకోవాలి మరి. అదే, 1948లో పిల్లల లుకేమియాకి (రక్త క్యాన్సర్‌కి) అమినోప్టెరిన్ అనే మందు ఇచ్చి ఫార్బర్ అనే డాక్టరు బృందం రాసిన పేపరు తీయండి, రచయితల్లో ఆయన పేరు లేదు. మందు వచ్చింది మాత్రం ఆయన బృందం నుంచే. బోదకాలు రాకుండా ఊళ్ళలో పంచే డీఈసీ మాత్రా ఆయన ల్యాబ్ నుంచి వచ్చిందే. మాత్ర మింగినవాడు ఎవరినీ సైట్ చేయడు కదా.

అటు_కుర్చీ:
కమిటీలో కూర్చున్నవాడిగా ఒక మాట. మేము ముందు చూసేది పేపరు ఎక్కడ ఇండెక్స్ అయింది, మీరు మొదటి ముగ్గురిలో ఉన్నారా లేక కరస్పాండింగ్ ఆథరా (పేపరు గురించి ఉత్తరప్రత్యుత్తరాలు చూసే రచయితా) అని. 2020లో, అప్పటి వైద్య విద్య నియంత్రణ సంస్థ ఎంసీఐ పెట్టిన షరతు అది. తర్వాత దాని స్థానంలో ఎన్ఎంసీ వచ్చింది, తాజా నోటిఫికేషన్ ఒకసారి చదువుకోండి. ఆమధ్య ఒకాయన 64 సైటేషన్లు చూపించారు. తెరిచి చూస్తే 50 ఆయన్ని ఆయనే చేసుకున్నవి! ఇంకొకరు జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్లన్నీ (ఆ జర్నల్ పేపర్లకి సగటున వచ్చే సైటేషన్ల అంకెలు) కూడి తన పేరు పక్కన రాశారు. అది జర్నల్ సొత్తు, మనది కాదు.

ఫ్లెక్సీ_చూసినవాడు:
మా కాలేజీ గేటుకి 'ప్రపంచ టాప్ 2 శాతం' ఫ్లెక్సీ కట్టారు. సైటేషన్లని బట్టి శాస్త్రవేత్తలకి వరస కట్టే ఆ స్టాన్‌ఫర్డ్ జాబితాలో ఒక్క ఏడాదిది వేరు, కెరీర్ మొత్తానిది వేరు. ఏదో మాత్రం ఫ్లెక్సీ మీద లేదు.

ఓపీ_టోకెన్:
స్కోపస్ 6 అని, చూసిన తేదీ వేసి రాసిచ్చాను. నావి కానివి తీసేశాక స్కాలర్‌లోనూ 7కి దిగింది. ఎవరామె అని ఆ వరి శాస్త్రవేత్త ప్రొఫైల్ వెతికితే, నా రక్తహీనత పేపరు ఆవిడ ఖాతాలో కూర్చుని ఉంది. ఇప్పుడే మెయిల్ పెట్టాను.