ముందు అనుమానం, తర్వాతే నమ్మకం: ఇది మంచి పద్ధతేనా?

కొర్లగుంట (తిరుపతి):
మొన్న బస్టాండు దగ్గర ఒక పెద్దాయన, ఆయన భార్య ఫోన్ చూపించి "బాబూ, ఈ గది ఎక్కడ?" అని అడిగారు. కొండ మీద గది కోసం ఆన్‌లైన్‌లో 1,800 కట్టారట. సైట్‌లో స్వామి ఫోటో, గోపురం అన్నీ ఉన్నాయి, అడ్రసే వేరు. దేవస్థానం అసలు సైట్ అడ్రసు చివర ‘ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’ అని ఉంటుంది. చూడ్డానికి పది సెకన్లు పట్టదు. ఆవిడేమో "దేవుడి పేరు మీద కూడానా నాయనా" అని అదే మాట. అందుకే అంటున్నా, ఎవరు చెప్పినా ముందు అనుమానించాలి.

మిట్టూరు (చిత్తూరు):
అన్నా, చెప్పడం సులువు. మా పక్కింటాయన ఒక రాత్రి పదకొండింటికి తలుపు తట్టి, కూతుర్ని ఆస్పత్రిలో చేర్చాం, ఐదు వేలు సర్దమన్నాడు. "ఉండండి, చూస్తా" అని లోపలికెళ్ళి ఇద్దరికి ఫోన్ చేసి నిజమేనా అని కనుక్కున్నా. కిటికీ తీసే ఉంది. అంతా విన్నాడు. మూడో రోజే డబ్బు తిరిగిచ్చేశాడు, కొత్త నోట్లు, కవర్లో పెట్టి. ఏడాదైంది, మా గడప తొక్కలేదు.

అలిపిరి మెట్లు:
రెండు వేరే సంగతుల్ని కలిపేస్తున్నారు. డబ్బు మనకు రావాలంటే యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు. ఇది తెలిసినవాడికి అనుమానంతో పనే లేదు, ఎవడైనా "డబ్బు వేస్తాం, పిన్ కొట్టండి" అనగానే ఫోన్ పెట్టేస్తాడు. మా ఆఫీసులో ఒకాయన బ్యాంకువాళ్ళని కూడా నమ్మడు, వాట్సాప్‌లో వచ్చిన ప్రతి కషాయం మాత్రం తాగేస్తాడు. అది సరే, పెద్దాయనతో 1930కి ఫోన్ చేయించావా? సైబర్ మోసాలకు ఆ నంబరే. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

కొర్లగుంట:
చేయించా. కానీ ముందు ఆయన నన్నే అనుమానించాడు! "నువ్వెవరు, నా ఫోన్ నీకెందుకు" అని జేబులో పెట్టేసుకున్నాడు. మనసు చివుక్కుమంది, అబద్ధమెందుకు. మిట్టూరు బాధ అప్పుడు కొంచెం అర్థమైంది. సైట్‌నైతే మొహం మీదే అనుమానించొచ్చు, దానికి కోపం రాదు. బెల్లమూ అంతే. తెల్లగా ఉంటే శుభ్రమనుకుని కొంటాం, చాలాసార్లు ఆ తెలుపు హైడ్రోస్ అనే రంగు తీసే రసాయనం కలిపితే వచ్చిందే. అంగడివాణ్ణి నిలదీయక్కర్లేదు, ముదురు రంగుది తీసుకుంటే సరిపోతుంది. మనిషి విషయంలో మాత్రం నా దగ్గర జవాబు లేదు.

మిట్టూరు:
అదంతా సరే అన్నా, ఇప్పుడు పక్కింటాయనతో మాట కలపడం ఎలా?

అలిపిరి మెట్లు:
నువ్వే వెళ్ళి ఒక ఐదు వేలు అప్పడుగు.