అప్‌డేట్: 'చిల్లర దేవుళ్లు' గురించి నాయనమ్మను అడిగిన

ఎనిమిదో తరగతిలో పాట, ప్రేమ కథ అనుకొని చదివిన దాశరథి రంగాచార్య నవల ఇప్పుడు చదివితే నిద్ర పట్టట్లేదని, అందులోని తెలంగాణ దొరల కాలం గురించి ఇంట్లో పెద్దోళ్లను అడగొచ్చా అని పోయిన నెల రాసిన కదా. మీరు అడగమన్నరు. నకిరేకల్ దగ్గర మా ఊరికి పోయి అడిగిన.

ఎనిమిదిల చదివినప్పుడు నాకు నవలలోని వనజ అంటే గడీలో, అంటే దొర బంగళాల, పనిపిల్ల, అంతే. పెండ్లయి అత్తగారింటికి పోయే దొరసాని వెంట అరణంగా, అంటే కట్నం లెక్క, పంపే దాసి, ఆడబాప, బతుకేందో ఆ వయసుల ఎట్ల తెలుస్తది? నేను ఆడబాప అనే మాట అనంగనే నాయనమ్మ చేతిలో చాట ఆగింది. కందిపప్పులోంచి ఏరిన రాయి వేళ్ల మధ్యనే ఉండిపోయింది. "మా మేనత్తను గట్లనే పంపిన్రు బిడ్డా. మళ్ల రాలే" అన్నది. పేరు కూడా చెప్పింది. మా ఇంట్ల ఇన్నేళ్లు ఎవరూ పలకని పేరు.

పుస్తకం మళ్లా మొదలుపెట్టిన. వనజ వచ్చిన పేజీ కాడల్లా ఆగుతున్న.