పాత మోడల్ 19 కొనాలా, కొత్తది కొనాలా? మీకు నచ్చిన మ్యాగ్నమ్ రివాల్వర్ ఏది, ఎందుకు?

ప్లేనో శీను

అన్నలకు, అక్కలకు నమస్కారం. డల్లాస్ పక్కన ప్లేనోలో ఉంటాను. పోయినేడు గ్రీన్‌కార్డు వచ్చింది. ఆరేడు నెలలుగా శనివారాలు షూటింగ్ రేంజికి వెళ్లి అద్దె రివాల్వర్లతో కాలుస్తున్నా. ఇక సొంతానికి ఒకటి కొనుక్కోవాలి. ఒకటే. 357 మ్యాగ్నమ్ అనే గట్టి తూటా కాల్చేది, నాలుగంగుళాల బ్యారెల్, అంతవరకు తేల్చుకున్నా. చిక్కంతా పాతదా కొత్తదా అన్న దగ్గరే.

మా దగ్గర ఒక షాపులో స్మిత్ అండ్ వెస్సన్ మోడల్ 19 ఉంది. తూటాలు నింపే సిలిండర్ పక్కకు తెరిస్తే లోపల ఫ్రేమ్ మీద 19-4 అని కొట్టి ఉంది, అంటే 1977-82 మధ్యలో తయారైంది. సిలిండర్ చుట్టూ సన్నటి అరుగుడు గీత తప్ప ఇంకెక్కడా గీత లేదు. ట్యూబ్‌లైటు కింద నల్లగా కనిపిస్తుంది, కిటికీ దగ్గరకు తీసుకెళ్లి తిప్పితే లోపల్నుంచి నీలం బయటికొస్తుంది. ట్రిగ్గర్ నొక్కితే ఎక్కడా గరగర లేదు. 1,100 డాలర్లు చెబుతున్నాడు.

అదే అరలో కొత్త కోల్ట్ పైథాన్ ఉంది, 1,500 దాకా అవుతుంది. కొత్త రూగర్ జీపీ100 వెయ్యి లోపే. నా మనసు 19 మీదే ఉంది. కానీ కొన్నది బీరువాలో పెట్టి చూసుకునే మనిషిని కాదు, వారం వారం కాలుస్తా. మీరైతే ఏం చేస్తారు?

నీలిఉక్కు

తమ్ముడూ, రెండో ఆలోచన వద్దు, 19 తీసుకో. పద్నాలుగేళ్లుగా నా దగ్గర అదే ఉంది.

అది ఎందుకు పుట్టిందో తెలిస్తే నీకే అర్థమవుతుంది. 357 మ్యాగ్నమ్ 1935లో వచ్చింది. మొదటి రివాల్వర్‌ని ఎఫ్‌బీఐ అధిపతి హూవర్‌కి ఇచ్చారు. అప్పట్లో కొనేవాడు అడిగిన బ్యారెల్ పొడవుతో, అడిగిన గురి సైట్లతో ఒక్కోదాన్ని విడిగా తయారుచేసి, కొన్నవాడి పేరు మీద రిజిస్టర్ చేసేవారు. గొప్ప పనితనం, కానీ బరువు. రోజంతా నడుముకు కట్టుకుని తిరిగే పోలీసుకు అది భారమే. సరిహద్దు గస్తీలో పనిచేసిన బిల్ జోర్డాన్ ఈ మాటే కంపెనీకి చెప్పాడు: మ్యాగ్నమ్ శక్తి కావాలి, మధ్యరకం ఫ్రేమ్‌లో కావాలి అని. 1955లో అలా వచ్చిందే ఈ కంబాట్ మ్యాగ్నమ్. తరవాత దానికే 19 అని నంబరు పెట్టారు.

నువ్వు చూసిన 19-4లో బ్యారెల్ కదలకుండా ఫ్రేమ్‌లో అడ్డంగా ఒక పిన్ను దిగ్గొట్టి ఉంటుంది. తూటా అడుగు అంచు సిలిండర్‌లో పూర్తిగా మునిగేలా ఆరు గదులకూ గాడి తీసి ఉంటుంది. 1982 ప్రాంతంలో ఆ రెండూ తీసేశారు. ఆ తరవాత తూటాను పేల్చే హ్యామర్లు, ట్రిగ్గర్లు అచ్చుపోసిన ముక్కలయ్యాయి. 2001లో కంపెనీ చేతులు మారాక ఫ్రేమ్ పక్కన లోపలి సేఫ్టీ తాళం వేసే చెవికి రంధ్రం కూడా వచ్చింది. అంత అందమైన ఫ్రేమ్‌కి బొక్క పెట్టడానికి చేతులెలా వచ్చాయో నాకిప్పటికీ అర్థం కాదు.

కొలరాడో కొండలు

నీలిఉక్కు అన్నా, మీ ప్రేమ మీద నాకు గౌరవమే. కానీ శీను "వారం వారం కాలుస్తా" అన్నాడు. ఆ మాట మీరు దాటేశారు.

19లో అసలు బలహీనత ఎక్కడుందో చెప్పాలి. సిలిండర్‌లోంచి గుండు బ్యారెల్‌లోకి దూకే చోట గరాటు లాంటి మూతి ఉంటుంది, ఫోర్సింగ్ కోన్ అంటారు. ఫ్రేమ్ చిన్నది కాబట్టి సిలిండర్ మూసుకోవడానికి చోటు చాలక, ఆ మూతి అడుగు భాగాన్ని చదునుగా కోశారు. కోసిన చోట లోహం పలచన. 125 గ్రెయిన్ల (గుండు బరువు కొలత అది) తేలిక గుండు, నిండు మ్యాగ్నమ్ మందుతో కాలిస్తే వేడి, ఒత్తిడి సరిగ్గా అక్కడే పడతాయి. పగులు వస్తే అక్కడే వస్తుంది. అప్పటి పోలీసులు సాధనకి శక్తి తక్కువైన 38 స్పెషల్ తూటా వాడి, డ్యూటీకి మాత్రం మ్యాగ్నమ్ నింపుకునేవారు, కాబట్టి చాలాకాలం బయటపడలేదు. సాధన కూడా మ్యాగ్నమ్‌తోనే చేయడం మొదలయ్యాక కంపెనీయే 1980 దశకం మొదట్లో కాస్త పెద్ద ఫ్రేమ్‌తో 586, 686 మోడళ్లు తెచ్చింది. ఊరికే తేలేదు కదా.

నా ఓటు జీపీ100కి. 1985 నుంచి ఉంది. పక్కన విప్పే పలక లేదు, ఫ్రేమ్ రెండు వైపులా నిండుగా ఉంటుంది. సిలిండర్ ముందు వైపు కూడా ఫ్రేమ్‌కే లాక్ అవుతుంది. నాది ఇంట్లో నేనే విప్పి, తుడిచి, మళ్లీ బిగిస్తా, ఎవరి సాయం అక్కర్లేదు. ట్రిగ్గర్ మొదట్లో గట్టిగా ఉంటుంది, ఒప్పుకుంటా. కాల్చేకొద్దీ సాఫీ అయింది.

నీలిఉక్కు

పగులు మాట నిజమే, కాదనను. నేను 158 గ్రెయిన్ల గుండ్లు తప్ప తేలికవి ఎప్పుడూ వాడలేదు, అదీ పది 38లకు ఒక మ్యాగ్నమ్ లెక్కన. నా దానికి ఇప్పటిదాకా ఏమీ కాలేదు. కానీ రూగర్ ఫ్రేమ్ పోత పోసిందని మీరు చెప్పలేదు. స్మిత్ ఫ్రేమ్ ఇప్పటికీ సమ్మెట దెబ్బ తిన్న ఉక్కే.

బాలానగర్ ఫిట్టర్

నమస్తే అండీ. నేను ఈ జన్మలో రివాల్వర్ పట్టుకోలేదు. హైదరాబాద్ బాలానగర్‌లో టూల్‌రూమ్‌లో ఇరవై రెండేళ్ల నుంచి పని. లోహం మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా.

పోత అనగానే తక్కువగా చూడకండి. మైనంతో నమూనా చేసి, చుట్టూ పెంకు కట్టి, మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోసే పద్ధతి అది. మన పంచలోహ విగ్రహాలు పోసేదీ అలాగే. సమ్మెట దెబ్బ తిన్న ఉక్కు అదే మందంలో ఎక్కువ బలంగా ఉంటుంది, నిజమే. అందుకే పోత పోసేవాడు మందం పెంచుతాడు. కొలరాడో గారి తుపాకీ లావుగా ఉందంటే కారణం అదే అయి ఉంటుంది.

ఇక అచ్చుపోసిన చిన్న ముక్కలు, ఎమ్‌ఐఎమ్ అంటాం. సన్నటి లోహపు పొడిని మైనంలాంటి జిగురుతో కలిపి అచ్చులోకి నొక్కుతారు. జిగురు తీసేసి కొలిమిలో పెడితే ముక్క 15-20 శాతం కుంచించుకుపోయి గట్టిపడుతుంది. ఆ కుంచించుకోవడాన్ని ముందే లెక్కగట్టి అచ్చు కోయాలి, అది తేలిక పని కాదు. సరిగ్గా చేస్తే వెయ్యో ముక్క కూడా మొదటి ముక్కలాగే ఉంటుంది. సరిగ్గా చేయకపోతే లోపల గాలిబుడగ ఉండిపోతుంది, పైకి కనిపించదు.

పాతదాంట్లో మనిషి ఆకురాయితో గీసి, పెట్టి చూసి, మళ్లీ గీసి జత కుదిర్చాడు. శీను గారు "గరగర లేదు" అన్నారే, అది ఆ చేతి పని. అలాంటి జత అరిగిందంటే మళ్లీ అలాంటి చెయ్యే కావాలి. మా టూల్‌రూమ్‌లోనే ఆకురాయి సరిగ్గా పట్టేవాళ్లు ఇప్పుడు ఇద్దరే మిగిలారు, ఇద్దరికీ యాభై దాటాయి. మీ దగ్గర పాత రివాల్వర్ బాగుచేసే మనిషి ఎంత దూరంలో ఉన్నాడో ముందు కనుక్కోండి.

హ్యూస్టన్ అక్క

ఫిట్టర్ గారూ, ఎంత బాగా చెప్పారండీ. పాత కోల్ట్ పైథాన్ కథ అచ్చం ఇదే. 1955 నుంచి 2005 దాకా చేశారు. ట్రిగ్గర్ నొక్కేకొద్దీ లోపల సిలిండర్‌ని తిప్పే మీట దాన్ని గట్టిగా అదిమి పట్టి ఉంచుతుంది, గురి అద్భుతంగా కుదిరేది అందుకే. కానీ ఆ అదుముడికి మీట అరుగుతుంది, సరిచేసేవాళ్లు తగ్గిపోయారు. 2020లో మళ్లీ తెచ్చినప్పుడు పేరు అదే ఉంచి లోపలి పనిముట్లు మార్చారు, ముక్కలు తగ్గించారు, వెనక సైటు కింద ఫ్రేమ్ మందం పెంచారు. నేను రెండూ కాల్చా. ఒక పెట్టె తూటాలు కాల్చాలంటే కొత్తదే అడుగుతా.

శీనూ, నీ చెయ్యి సంగతి ఎవరూ అడగలేదేంటి? నాది చిన్న చెయ్యి. పెద్ద ఫ్రేమ్ మ్యాగ్నమ్ పట్టుకుంటే వేలు ట్రిగ్గర్‌కి కొస మాత్రమే అందేది, గుండు పక్కకు పోయేది. నా తప్పనుకుని నెలల తరబడి బాధపడ్డా. మధ్యరకం ఫ్రేమ్ పట్టుకున్న రోజే గుండ్లు మధ్యకొచ్చాయి. నేను వాడేది కొత్త మోడల్ 66, అంటే 19కి స్టెయిన్‌లెస్ చెల్లెలు. 2014లో మళ్లీ తెచ్చారు. కొలరాడో తమ్ముడు చెప్పిన ఆ చదును కోత ఇందులో లేదు, ఫోర్సింగ్ కోన్ చుట్టూ నిండుగా ఉంటుంది. ఫ్రేమ్ అదే, చేతికి అదే అందం. 19ని కూడా 2018లో మళ్లీ తెచ్చారు. పాతదా కొత్తదా అని కొట్టుకునేవాళ్లు ఈ దారి ఎందుకు చూడరు?

ఒక జాగ్రత్త. 357లో 38 స్పెషల్ కాల్చొచ్చు, చవక, చేతికి హాయి. కానీ 38 కేసు అంగుళంలో ఎనిమిదో వంతు పొట్టి. అది ఆగే చోట సిలిండర్ గదిలో మసి ఉంగరంలా గడ్డకడుతుంది. ఏడాదంతా 38లే కాల్చి ఒకరోజు మ్యాగ్నమ్ పెడితే సగంలో బిగుసుకుంది. బలవంతంగా నెట్టొద్దు. ఆరు గదులూ బ్రష్‌తో తోమాకే దిగింది. అప్పట్నుంచీ రేంజి నుంచి రాగానే తోముతున్నా.

ఇద్దరు పిల్లల నాన్న

అన్నలందరూ తాళం రంధ్రాన్ని తిడుతున్నారు. మాకు నాలుగేళ్లది ఒకటి, ఏడేళ్లది ఒకటి. తుపాకీ ఇంటికొస్తుందంటే మా ఆవిడకి వారం రోజులు నిద్ర లేదు. లోపల తాళం ఉన్న 686 కొన్నాకే ఆమె టెన్షన్ కాస్త తగ్గింది. అందం కోసం దాన్ని వద్దనే ధైర్యం నాకు లేదు.

నీలిఉక్కు

తమ్ముడూ, మీ భయం న్యాయమైనది. అందం ఒక్కటే కాదు, గట్టి మ్యాగ్నమ్ తన్నుడికి ఆ తాళం దానంతటదే పడిపోతుందేమో అన్నది నాలాంటివాళ్ల అనుమానం. ఈమధ్య కంపెనీ కూడా తాళం లేని మోడళ్లు కొన్ని మళ్లీ తెస్తోంది. పిల్లలున్న ఇంట్లో తుపాకీకి ఇనుప సేఫ్, తూటాలకు వేరే పెట్టె, రెండు తాళంచెవులూ మీ దగ్గర. తుపాకీలోని తాళాన్నే నమ్ముకుని అలమరలో మాత్రం పెట్టకండి.

ఇద్దరు పిల్లల నాన్న

సేఫ్ కూడా ఉందన్నా. రెండూ ఉంచుతా.

కొత్తగా వచ్చా

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. నేను హెచ్-1బి మీద ఉన్నా. నేనూ కొనొచ్చా?

కొలరాడో కొండలు

మామూలుగా కుదరదు తమ్ముడూ. వలసేతర వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడం, దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. స్నేహితులు చెప్పారని అడుగు వేయొద్దు, లాయర్‌ని అడిగి చెయ్. ఇక్కడ తేడా వస్తే గ్రీన్‌కార్డు కలే పోతుంది.

అలాస్కా మావయ్య

అందరూ 357 దగ్గరే ఆగిపోయారు. చేపలకి నదికి వెళ్లేటప్పుడు నా ఛాతీ మీద ఉండేది 44 మ్యాగ్నమ్, రూగర్ సూపర్ రెడ్‌హాక్. దాని పక్కన పాత మోడల్ 29 ముద్దొస్తుంది, 1950ల నాటి ఆ పనితనానికి దండం పెడతా, కానీ వానలో బురదలో దాన్ని తిప్పే మనసు రాదు. 2003లో వచ్చిన 500 మ్యాగ్నమ్ కూడా ఒకసారి కాల్చా. మూడు గుండ్లకే మణికట్టు చాలంది. శీనుకి ఇవేవీ అక్కర్లేదు. హ్యూస్టన్ అమ్మాయి మాట విను.

ప్లేనో శీను

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న మళ్లీ వెళ్లా. ఫిట్టర్ గారి మాట చదివాక ఊరికే చూసి రాబుద్ధి కాలేదు. పాత రివాల్వర్ అరిగిందో లేదో తెలుసుకోవడానికి ఏం చూడాలి అక్కా?

హ్యూస్టన్ అక్క

ముందు షాపతన్ని అడిగి, సిలిండర్ ఖాళీ అని నీ కళ్లతో రెండుసార్లు చూసుకో. తరవాత సిలిండర్‌కి ఒక వేలు తేలిగ్గా ఆనించి, హ్యామర్‌ని బొటనవేలితో మెల్లగా, చాలా మెల్లగా వెనక్కి లాగు. హ్యామర్ చివరికి చేరేలోపే సిలిండర్ "టిక్" మని లాక్ అవ్వాలి. ఆరు గదులకూ విడివిడిగా చూడు. ఆపైన సిలిండర్‌ని ముందుకీ వెనక్కీ కదిపి చూడు, ఊగకూడదు. సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు) పెట్టి చూడమను, అంగుళంలో వెయ్యో వంతులు 4 నుంచి 8 దాకా ఉంటే మంచిది. చివరగా చిన్న టార్చి వేసి ఫోర్సింగ్ కోన్ అడుగు చూడు, ఆరు గంటల ముల్లు ఉండే చోట. వెంట్రుక లాంటి గీత కనిపించినా వదిలేసి వచ్చెయ్.

బాలానగర్ ఫిట్టర్

మేం ఇండెక్సింగ్ ప్లేటుకి (లెక్క ప్రకారం తిరిగి ఆగే పలక) చేసే పరీక్షే ఇది. ఆగాల్సిన చోట ఆగుతోందా లేదా. ఏ గదికి ఏమైందో సుద్దతో గుర్తు పెట్టుకోండి.

ప్లేనో శీను

చూశానండీ. ఫోర్సింగ్ కోన్ శుభ్రంగా ఉంది, గీత లేదు. గ్యాప్ 6 వచ్చింది. నాలుగు గదులు ముందే లాక్ అయ్యాయి. రెండు గదులు మాత్రం హ్యామర్ పూర్తిగా వెనక్కి వచ్చినా లాక్ పడలేదు, వేలితో సిలిండర్‌ని కాస్త తోస్తే అప్పుడు పడింది. రెండోసారి చూసినా అవే రెండు. షాపతనికి చూపిస్తే ఆయన కూడా కాసేపు ఏం మాట్లాడలేదు. తరవాత 950కి ఇస్తానన్నాడు.

హ్యూస్టన్ అక్క

తిప్పే మీట కాస్త వెడల్పుది వేసి జత కుదిరిస్తే ఆ జబ్బు సాధారణంగా పోతుంది. పెద్ద రోగం కాదు. కానీ వేసేవాడు దొరకాలి.

కొలరాడో కొండలు

కొన్నరోజే రిపేరా? శీనూ, జీపీ100 ఇంకా అదే అరలో ఉంది కదా.

నీలిఉక్కు

డల్లాస్ నుంచి రెండు గంటల దూరంలో నా దానికి పని చేసిన పెద్దాయన ఒకరున్నారు. రిటైరయ్యారు, అయినా 19 అంటే కాదనరు. నీకు విడిగా మెసేజ్ పెట్టా, ముందు ఫోన్ చేసి కనుక్కో.

ప్లేనో శీను

చేశానన్నా. శనివారం పొద్దున తీసుకురమ్మన్నారు. శుక్రవారం దాకా వేరేవాళ్లకు అమ్మొద్దని షాపులో యాభై డాలర్లు అడ్వాన్సు ఇచ్చా.