కుక్కకు అత్యవసర స్కానింగ్: డాక్టరు చీటీ లేకుండా సమయం ఇవ్వాలా?

డాక్స్‌హుండ్ ఇంటివారు, హైదరాబాద్:
శనివారం రాత్రి మా డాక్స్‌హుండ్ జాతి కుక్క సోఫా మీద నుంచి దూకి వెనక కాళ్లు ఈడ్చడం మొదలుపెట్టింది. ఎం.ఆర్.ఐ. ఉన్న చోటికి ఫోను చేస్తే, పశువైద్యుడి చీటీ ఉంటేనే సమయం ఇస్తామన్నారు. ఆదివారం మా డాక్టరుగారి క్లినిక్ మూసి ఉంటుంది. పొడవాటి నడుమున్న ఈ జాతిలో వెన్నుపూసల మధ్య డిస్కు జారడం ఎంత మామూలో వాళ్లకు తెలియదా? కాళ్లు చచ్చుబడిన ప్రాణికి చీటీ అడగడం ఏం న్యాయం?

పశువైద్యుడు, తెనాలి:
మీ ఆందోళన అర్థమవుతోందండీ. అయినా చీటీ అడగడం సబబేనంటాను. ఎం.ఆర్.ఐ.లో కుక్క కదలకూడదు, అందుకు మత్తు ఇవ్వాలి. గుండె, ఊపిరితిత్తులు, రక్తం చూడకుండా మత్తిస్తే ప్రాణం మీదికి రావచ్చు. వెన్నులో ఏ భాగాన్ని స్కాను తీయాలో కూడా పరీక్షించాకే తెలుస్తుంది.

ఇంకొకటి. నొప్పి తెలుస్తోందో లేదో చూడటానికి వెనక కాలి వేలిని ఫోర్సెప్స్‌తో, అంటే పటకారులాంటి పనిముట్టుతో, గట్టిగా నొక్కుతాం. కాలు వెనక్కి లాక్కుంటే చాలదు, వెన్నుపాము తెగినా కాలు ముడుచుకుంటుంది. కుక్క తల తిప్పి చూడాలి, లేదా అరవాలి. ఆ నొప్పే తెలియకపోతే గంటలు లెక్కపెట్టుకోవాల్సిన స్థితి. అది అందరికంటే ముందు స్కానుకు వెళ్లాలి. నొప్పి తెలుస్తూ, తడబడుతూ అయినా నడిచే కుక్క మందులతో, పంజరంలో కదలకుండా విశ్రాంతితో కోలుకోవచ్చు.

మూడు పిల్లుల ఇల్లు, విశాఖ:
స్కానింగే మొదటి మెట్టు అనుకోవడం ప్రమాదం. నోరు తెరిచి ఆయాసపడుతున్న పిల్లిని ఎక్స్‌రే బల్ల మీద అదిమి పట్టుకుంటే అక్కడే పోవచ్చు. ముందు ఆక్సిజన్ పెట్టాలి, ఛాతీలో నీరుంటే తీయాలి. చిత్రాలు తర్వాత.

వరంగల్ లాబ్రడార్:
నాదీ ఒక మాట. మోకాలి స్కానుకు ముందే సమయం తీసుకుని, రాత్రి నుంచి తిండి పెట్టకుండా తెచ్చిన మా కుక్కను సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. ఎవరిదో అత్యవసరమట. ఫోనులో గట్టిగా అరిచినవారికల్లా అత్యవసరమైతే మా గతి ఏమిటి?

డాక్స్‌హుండ్ ఇంటివారు:
డాక్టరుగారూ, పరీక్ష వద్దని నేను అనడం లేదు. యంత్రం పెట్టినవారే ఆ పరీక్ష చేసే వైద్యుణ్ణి కూడా సెలవు రోజుల్లో ఉంచాలంటున్నాను. ఆ వేలు నొక్కి చూడటానికి రెండు నిమిషాలు పడుతుందేమో. దానికోసం సోమవారం దాకా ఆగాలా? వరంగల్ వారి బాధకూ ఇదే మందు. వైద్యుడు చూసి తేల్చితే అరుపులతో ఎవరూ వరుస దాటలేరు.

పశువైద్యుడు, తెనాలి:
ఒప్పుకుంటున్నాను, వైద్యుడు లేనిచోట చీటీ నిబంధన అడ్డుగోడే. ఈలోగా ఫోను చేసేటప్పుడు ‘స్కాను కావాలి’ అనకండి. కాళ్లు ఎప్పుడు పడిపోయాయి, నిలబడుతోందా, మూత్రం పోస్తోందా, ఇవి చెప్పి ‘చూసే వైద్యుడు ఉన్నారా’ అని అడగండి. తీసుకెళ్లేటప్పుడు చేతుల్లో వేలాడదీయకుండా గట్టి పలక మీద పడుకోబెట్టండి.