ఫ్లూయిడ్ మెకానిక్స్ గ్రూపుల్లో నేర్పేవాళ్లు కాస్త సలహా ఇవ్వండి

సివిల్ ఇంజినీరింగ్ రెండో సంవత్సరం పిల్లలకు ఫ్లూయిడ్ మెకానిక్స్ (ద్రవాలు, వాయువుల ప్రవాహం గురించిన సబ్జెక్టు) చెబుతున్నాను. ప్రవాహంలో వేగానికీ పీడనానికీ ఉన్న సంబంధం చెప్పే బెర్నౌలీ సమీకరణం అందరికీ నోటికొచ్చు. గొట్టంలో ప్రవాహాన్ని కొలిచే వెంచురీమీటర్ గొంతు (మధ్యలో ఇరుకైన భాగం) దగ్గర వేగం పెరిగి పీడనం ఎందుకు తగ్గుతుందని అడిగితే మాత్రం, 'ఇరుకైంది కదా సార్, పెరగాలి' అంటారు. అందుకే నలుగురేసి చొప్పున గ్రూపులు చేశాను. తలా ఒక అంశం చదివి మిగతావాళ్లకు నేర్పాలి.

నీటి ప్రవాహం సాఫీగా ఉందో, అల్లకల్లోలమైందో రంగు గీతతో చూపే రేనాల్డ్స్ ప్రయోగం దగ్గర ఇది చక్కగా కుదిరింది. గాజు గొట్టంలో రంగు గీత చెదరగానే వెనక బెంచీవాళ్లు కూడా లేచొచ్చి, రేనాల్డ్స్ సంఖ్య (ప్రవాహం సాఫీగా ఉంటుందో లేదో చెప్పే అంకె) సాఫీ ప్రవాహానికి హద్దయిన 2000 దాటిందా లేదా అని వాదించుకున్నారు. ఎంత సంతోషమేసిందో!

లెక్కలకొచ్చేసరికి చురుకైనవాడొక్కడే చేస్తాడు, మిగతావాళ్లు దించేస్తారు. మార్కులు గ్రూపుకివ్వాలా, విడివిడిగానా? ముందే చెప్పకుండా గ్రూపులో ఎవరో ఒకరిని బోర్డు దగ్గరకు పిలిస్తే పనిచేస్తుందా? తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు బెదిరిపోకుండా మీరెలా చేశారు?