'వెరీ పారమౌంట్' అని రాస్తే ఎర్రగీత ఎందుకు పడింది?

గ్రూప్స్ అభ్యర్థి, గుంటూరు
నమస్తే అండి. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. నిన్న మాక్ టెస్టులో రోడ్డు ప్రమాదాల మీద వ్యాసం ఇస్తే 'సేఫ్టీ ఈజ్ వెరీ పారమౌంట్' అని మొదలుపెట్టాను, రెండో పేరాలో 'హెల్మెట్ ఈజ్ మెయిన్' అని రాశాను. రెండింటి కిందా ఎర్రగీత పడింది. ఎందుకు సార్ అంటే 'చూసుకోమ్మా' అనేసి వెళ్లిపోయారు. డిక్షనరీ తీస్తే పారమౌంట్, సుప్రీమ్, చీఫ్, ప్రిన్సిపల్, ఫోర్‌మోస్ట్ అన్నిటికీ ముఖ్యమైన, ప్రధానమైన అనే ఉంది. మరి ఏది ఎక్కడ వాడాలి? మెయిన్స్ దగ్గరకొచ్చేస్తున్నాయి, టెన్షన్‌గా ఉంది.

రిటైర్డ్ ఇంగ్లిష్ మాస్టారు
ముందు మెయిన్ సంగతి చూద్దామమ్మా. తెలుగులో మనం 'అదే మెయిన్' అంటాం కదా, ఆ అలవాటే మీ పేపర్లోకి దూరింది. ఇంగ్లిష్‌లో మెయిన్, చీఫ్, ప్రిన్సిపల్ మూడూ నామవాచకం ముందు కూర్చునే మాటలు, వాక్యం చివర ఒంటరిగా నిలబడవు. మెయిన్ రీజన్, చీఫ్ ఇంజినీర్, ప్రిన్సిపల్ సెక్రటరీ, ఇలాగన్నమాట. పారమౌంట్‌కి ఆ బాధ లేదు, 'సేఫ్టీ ఈజ్ పారమౌంట్' నిక్షేపంగా ఉంటుంది. అక్కడ మీ తప్పల్లా 'వెరీ'. దానిపైన ఇంకోటి లేదని చెప్పే మాటకి మళ్లీ 'చాలా' తగిలిస్తే ఎలా? సుప్రీమ్‌కీ అంతే, లాటిన్‌లో అది అన్నిటికన్నా పైది అనే అర్థంతోనే పుట్టింది. 'మోస్ట్ సుప్రీమ్' అని రాసేవాళ్లని నా సర్వీసులో చాలామందినే చూశాను.

నల్లకోటు
కోర్టులో రోజూ చూసేది చెప్తాను. పిల్లల కస్టడీ కేసుల్లో మేం ఎత్తి చూపేది 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 13వ సెక్షన్. బిడ్డ క్షేమమే 'పారమౌంట్ కన్సిడరేషన్' అని ఉంటుంది అందులో. మా జూనియర్ ఒకసారి డ్రాఫ్టులో 'మెయిన్ కన్సిడరేషన్' అని కొట్టుకొచ్చాడు, నేను దిద్దితే రెండూ ఒకటే కదా సార్ అన్నాడు. కాదు. మెయిన్ అంటే నాలుగింటిలో పెద్దది, మిగతా మూడూ కలిసి దాన్ని తూచేయొచ్చు. పారమౌంట్ అంటే నాన్న హక్కు, అమ్మ హక్కు, ఎవరి జీతం ఎంత, ఇవన్నీ చూస్తారు కానీ బిడ్డ క్షేమంతో ఢీకొన్నచోట అవే తగ్గాలి. ఈ తేడా తెలిస్తే డిక్షనరీ అక్కర్లేదు.

పాతబస్తీ
పారమౌంట్ అనే ఆ మాట మా హైదరాబాద్ చరిత్రలోనే ఉంది. పాత ఫ్రెంచ్‌లో 'పైన, ఎగువన' అనే అర్థంలో పుట్టి, తనపైన ఇంకో ప్రభువు లేని ప్రభువుకి చెల్లింది. ఇక్కడ సంస్థానాల మీద బ్రిటిష్ వాళ్ల ఆధిపత్యాన్ని పారమౌంట్‌సీ అన్నారు. బ్రిటిష్ వాళ్ల చేతిలో ఉన్న బేరార్ ప్రాంతాన్ని తిరిగి ఇమ్మని నిజాం సరిసమానుడిలా అడిగితే, వైస్రాయ్ రీడింగ్ 1926 మార్చిలో రాసిన జాబులో ఇండియాలో బ్రిటిష్ కిరీటమే 'సుప్రీమ్' అని మొహం మీదే చెప్పాడు. 1947లో ఆ పారమౌంట్‌సీ రద్దయింది కాబట్టే నేను స్వతంత్రుణ్ణి అన్నాడు నిజాం, 1948 సెప్టెంబర్ దాకా నడిచిన కథంతా అదే. ఇంకోటి, చీఫ్ అనే మాటకొస్తే, టంగుటూరి ప్రకాశం గారు 1946లో మద్రాసుకి ప్రీమియర్, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి చీఫ్ మినిస్టర్. చేసింది దాదాపు అదే పని, పేరు మారింది అంతే.

అడ్డు ప్రశ్న
మాస్టారూ, ఉత్తమం అంటేనే అన్నిటికన్నా మంచిది కదా, మరి మనం అత్యుత్తమం అనట్లేదా? ఆ అమ్మాయి 'వెరీ' ఒక్కటే తప్పైపోయిందా?

రిటైర్డ్ ఇంగ్లిష్ మాస్టారు
దొరికిపోయాను! ఇంగ్లిష్ వాళ్లూ ఆ పని చేశారండీ. ఫోర్‌మోస్ట్ ఉంది చూశారా, పాత ఇంగ్లిష్‌లో దాని మొదటి భాగానికే 'అన్నిటికన్నా ముందుది' అనే అర్థం ఉండేది. అది జనానికి చాల్లేదు, ఇంకో ప్రత్యయం తగిలించారు, తర్వాత్తర్వాత ఆ తోక చెవికి 'మోస్ట్'లా వినిపించి అలాగే స్థిరపడిపోయింది. వాళ్ల అత్యుత్తమం అదే. కానీ అది వందల ఏళ్లు నలిగిన మాట, 'వెరీ పారమౌంట్' ఇంకా నలగలేదు. పేపరు దిద్దేవాడి దగ్గర ఈ వాదన నడవదు.

గ్రూప్స్ అభ్యర్థి, గుంటూరు
అందరికీ థాంక్సండి. మళ్లీ రాశాను: 'హెల్మెట్ ఈజ్ ద మెయిన్ థింగ్, బట్ సేఫ్టీ ఈజ్ పారమౌంట్.' ఓకేనా?

రిటైర్డ్ ఇంగ్లిష్ మాస్టారు
గ్రామర్ ఓకే. 'బట్' ఎందుకమ్మా, హెల్మెట్ పెట్టుకునేది సేఫ్టీ కోసమేగా?